పేజీలు పూర్తవుతున్నా పాఠం ఎందుకు మిగలడం లేదు?

ప్రశ్న: నేను ఎం.ఏ. అర్థశాస్త్రం మొదటి సంవత్సరం చదువుతున్నాను. డిగ్రీ వరకు నోట్సులు, గైడ్లు చదివి మంచి మార్కులే తెచ్చుకున్నాను. ఇక్కడ వారానికి పాఠ్యపుస్తకంలోని రెండు మూడు అధ్యాయాలు, వాటికి తోడు ఒకటి రెండు పరిశోధన వ్యాసాలు చదివి రమ్మంటున్నారు. ఒక్క వాక్యం కూడా వదలకుండా, ముఖ్యమనిపించిన వాక్యాల కింద రంగు పెన్నుతో గీతలు గీసుకుంటూ, ప్రతి అధ్యాయాన్నీ రెండేసి సార్లు చదువుతున్నాను. చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది. వారం తిరిగేసరికి ఏమీ మిగలదు, క్లాసులో అడిగితే నోరు పెగలదు. పుస్తకాలన్నీ ఇంగ్లీషులో ఉండటంతో నా వేగం కూడా తక్కువే. వేగంగా చదవడం నేర్పే కోర్సులో చేరమని స్నేహితులు చెబుతున్నారు. చేరమంటారా? ఇచ్చినవన్నీ చదవాల్సిందేనా? చదివింది నిలవాలంటే ఏం చేయాలి? (పేరు ప్రచురించవద్దని కోరారు.)

సమాధానం: మీరు అడిగినవి మూడు ప్రశ్నలైనా, వాటికి మూలం మీరు మామూలుగా రాసేసిన ఒక వాక్యంలో ఉంది. ‘చదువుతున్నంతసేపూ అర్థమైనట్టే ఉంటుంది’ అన్నారు. మీ జ్ఞాపకశక్తికి ఏ లోపమూ లేదు, వేగం అంత పెద్ద సమస్యా కాదు. పుస్తకం కళ్లెదుట తెరిచి ఉన్నప్పుడు కలిగే ఆ భరోసానే మీరు చదువు పూర్తయిందనడానికి గుర్తుగా తీసుకుంటున్నారు. దాన్ని నమ్మడానికి లేదు. పుస్తకం మూశాక అందులో ఏముందో మీ మాటల్లో చెప్పగలిగితేనే చదివినట్టు లెక్క. మిగతా సలహాలన్నీ దీని తర్వాతివే కాబట్టి ముందు దీని గురించే కొంచెం వివరంగా రాస్తాను.

ఒక అధ్యాయాన్ని రెండోసారి చదివేటప్పుడు వాక్యాలు మొదటిసారికన్నా సాఫీగా సాగిపోతాయి. ఆ పదాలు, ఆ ఉదాహరణలు, ఏ బొమ్మ ఏ పేజీలో ఉందన్న సంగతితో సహా అప్పటికే మనకు పరిచయమై ఉంటాయి. ఈ పరిచయాన్నే మనసు అవగాహన అనుకుని పొరబడుతుంది. రోజూ దారిలో ఎదురయ్యే మనిషిని చూడగానే గుర్తుపడతాం గానీ, ఆ మనిషి ముఖం ఎలా ఉంటుందో రాసి చూపించమంటే నాలుగు మాటలు కూడా రాయలేం. రెండుసార్లు చదివిన అధ్యాయంతో మీకున్న పరిచయం కూడా అటువంటిదే. క్లాసులో ప్రశ్న అడిగినప్పుడు గానీ, పరీక్ష హాల్లో గానీ పుస్తకం ఎదురుగా ఉండదు. అక్కడ ఏ ఆధారమూ లేకుండా విషయాన్ని గుర్తుతెచ్చుకుని వరసగా చెప్పగలగాలి. ఆ పనిని మీరు ఇంట్లో ఒక్కసారి కూడా చేసి చూసుకోకుండా క్లాసుకు వెళుతున్నారు. అందువల్ల అక్కడ నోరు పెగలకపోవడంలో ఆశ్చర్యం లేదు, దానికి మిమ్మల్ని మీరు తక్కువ చేసుకోవలసిన అవసరం అంతకన్నా లేదు.

ఈ విషయాన్ని చక్కగా తేల్చి చూపిన ప్రయోగం ఒకటుంది. 2006లో అమెరికాలోని వాషింగ్టన్ యూనివర్సిటీ ఇన్ సెయింట్ లూయిస్‌కు చెందిన హెన్రీ రోడిగర్, జెఫ్రీ కార్పికీ అనే మనస్తత్వ శాస్త్రవేత్తలు విద్యార్థులకు చిన్న వచన భాగాలు ఇచ్చారు. ఒక బృందం ఆ భాగాన్ని నాలుగు విడతలు చదివింది. మరొక బృందం ఒక్క విడత మాత్రమే చదివి, మిగిలిన మూడు విడతల్లో పాఠం చూడకుండా గుర్తున్నదంతా కాగితం మీద రాసింది. ఐదు నిమిషాల తర్వాత పరీక్షిస్తే నాలుగు విడతలు చదివినవారే ముందున్నారు. వారం తర్వాత పరీక్షిస్తే ఫలితం తలకిందులైంది: వారికి పాఠంలో దాదాపు 40 శాతం గుర్తుండగా, ఒక్క విడత చదివి మూడు విడతలు గుర్తుతెచ్చుకున్నవారికి దాదాపు 61 శాతం గుర్తుంది. వారం తర్వాత ఎంత గుర్తుంటుందనుకుంటున్నారని ముందుగా అడిగినప్పుడు మాత్రం ఎక్కువ ధీమా కనబరిచింది నాలుగు విడతలు చదివినవారే. ఆ చివరి సంగతిని నేను అన్నిటికన్నా ముఖ్యమైనదిగా భావిస్తాను, ఎందుకంటే ఏ పద్ధతి బాగా పనిచేస్తోందో చదువుతున్న సమయంలో కలిగే భావనను బట్టి తేల్చుకోలేమని అది చెబుతోంది. 2009లో కార్పికీ, ఆయన సహచరులు 177 మంది కళాశాల విద్యార్థులను మీరెలా చదువుతారని అడిగితే 84 శాతం మంది పుస్తకాన్నో నోట్సునో మళ్లీ చదువుతామన్నారు. చూడకుండా గుర్తుతెచ్చుకుని చూసుకుంటామన్నవారు 11 శాతమే. అంటే మీరు చేస్తున్నది చాలామంది విద్యార్థులు చేస్తున్నదే.

కాబట్టి రెండో పఠనాన్ని మానేయండి. ఆ సమయాన్ని పుస్తకం మూసి, ఖాళీ కాగితం ముందు పెట్టుకుని గడపండి. అధ్యాయం మొత్తం అయ్యాక కాదు, ఒక్కొక్క ఉపశీర్షిక కింద ఉన్న భాగం అయిన వెంటనే చేయండి. అంటే సుమారు మూడు నాలుగు పేజీలకోసారి. చేయవలసినది చెప్పడానికి తేలికే గానీ, మొదట్లో చాలా కష్టంగా ఉంటుంది. అందుకే మీ సబ్జెక్టులోంచే ఒక ఉదాహరణ తీసుకుని, అది ఎలా జరుగుతుందో చూపిస్తాను.

సూక్ష్మ అర్థశాస్త్రం పాఠ్యపుస్తకాల్లో ధరలకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి విధిస్తే ఏమవుతుందన్న భాగం తప్పకుండా ఉంటుంది, దానికి ఇంటి అద్దెల ఉదాహరణ కూడా తరచుగా ఉంటుంది. ఆ భాగం చదివారు, పుస్తకం మూశారు. ఇప్పుడు కాగితం మీద ఏం రాస్తారు? చాలామంది రాసే మొదటి వాక్యం ‘గరిష్ఠ పరిమితి పెడితే కొరత వస్తుంది’ అన్నది. అక్కడితో కలం ఆగుతుంది. ఆగినప్పుడు వెంటనే పుస్తకం తెరవకుండా ఒక నిమిషం ఓపిక పట్టి, ‘ఎందుకు?’ అని మిమ్మల్ని మీరే అడగండి. తక్కువ అద్దెకు ఇల్లు కావాలనేవారు పెరుగుతారు, అద్దెకు ఇచ్చేవారు తగ్గుతారు, ఆ రెండింటి మధ్య తేడాయే కొరత అని రెండో వాక్యం వస్తుంది. ఆ తర్వాత అక్షాలు గీసి, నిలువు అక్షం మీద ధర, అడ్డం మీద పరిమాణం గుర్తించి, డిమాండు, సప్లయి రేఖలు గీసి, పరిమితిని చూపే అడ్డగీతను గీయబోతారు. సరిగ్గా ఇక్కడ చేయి తడబడుతుంది: ఆ గీత సమతౌల్య ధరకు (డిమాండు, సప్లయి సమానమయ్యే ధరకు) పైన ఉండాలా, కింద ఉండాలా? చదివేటప్పుడు ఈ ప్రశ్న మీకు రాలేదు, ఎందుకంటే బొమ్మలో గీత అప్పటికే గీసి ఉంది. ఇప్పుడు పుస్తకం తెరిస్తే, పరిమితి సమతౌల్య ధరకన్నా పైన ఉంటే దానివల్ల ఏ ప్రభావమూ ఉండదని, కింద ఉన్నప్పుడే కొరత వస్తుందని చెప్పే వాక్యం కనిపిస్తుంది. ఇంతకు ముందు కళ్లు దాని మీదుగా వెళ్లిపోయాయి. మరికొంచెం చూస్తే, స్వల్పకాలంలో ఇళ్ల సంఖ్యలో పెద్దగా మార్పు రాదు కాబట్టి కొరత తక్కువగా ఉంటుందని, ఏళ్లు గడిచేకొద్దీ కొత్త ఇళ్లు కట్టేవారు తగ్గి కొరత పెరుగుతుందని చెప్పే పేరా కూడా మీ కాగితం మీదికి రాలేదని తెలుస్తుంది.

కాగితం మీద మీరు రాయగలిగిన దానికన్నా, రాయలేకపోయిన ఈ రెండు విషయాలే మీకు ఎక్కువ ఉపయోగపడతాయి. వాటిని వేరే రంగుతో పక్కన రాసుకోండి. ఇప్పుడు ఆ రెండు చోట్లకే తిరిగి వెళ్లి చదవండి. రెండోసారి చదవడమే తప్పని నా ఉద్దేశం కాదు; ఎక్కడ తెలియలేదో తెలుసుకున్నాక అక్కడికే వెళ్లి చదవాలి గానీ, తెలిసినదాన్నీ తెలియనిదాన్నీ ఒకే గాటన కట్టి మొత్తం మళ్లీ చదవడంలో సమయం వృథా అవుతుంది. మొదటి వారం ఈ పని చేసినప్పుడు ఇరవై పేజీల అధ్యాయానికి మామూలుకన్నా ఎక్కువ సమయం పట్టవచ్చు, కాగితం సగం కూడా నిండకపోవచ్చు. నిరుత్సాహపడకండి. గుర్తుతెచ్చుకోవడంలో పడే ఆ శ్రమే విషయాన్ని నిలబెడుతుంది. తేలికగా సాగిపోయే చదువు తేలికగానే జారిపోతుంది.

రంగు గీతల గురించి కూడా ఇక్కడే చెప్పాలి. 2013లో జాన్ డన్‌లోస్కీ, మరికొందరు పరిశోధకులు విద్యార్థులు వాడే పది పద్ధతులను గురించి అప్పటివరకు వచ్చిన పరిశోధనలను సమీక్షించి, గీతలు గీయడం, మళ్లీ మళ్లీ చదవడం అనే రెండింటినీ తక్కువ ప్రయోజనం ఉన్నవాటిలో చేర్చారు. తమను తాము పరీక్షించుకోవడం, చదువును విడతలుగా పంచుకోవడం అనే రెండింటికి మాత్రమే ఎక్కువ ప్రయోజనం ఉందని తేల్చారు. మీరు గీతలు పూర్తిగా మానలేకపోతే ఒక నియమం పెట్టుకోండి: ఒక భాగం మొత్తం చదివి, మూసి, రాసుకున్న తర్వాతే పెన్ను తీయండి. మొదటిసారి చదువుతున్నప్పుడు ప్రతి వాక్యమూ ముఖ్యమైనదిగానే కనిపిస్తుంది, అందుకే పేజీ అంతా పసుపు రంగుతో నిండిపోతుంది. భాగం అయ్యాక చూస్తే గీత అవసరమైన వాక్యం పేజీకి ఒకటో రెండో ఉంటుంది.

ఇక అధ్యాయాన్ని మొదలుపెట్టే తీరు గురించి. మొదటి పేజీలోని మొదటి వాక్యంతో మొదలుపెట్టడం నవలకు సరిపోతుంది, పాఠ్యపుస్తకానికి సరిపోదు. ఒహాయో స్టేట్ యూనివర్సిటీలో పనిచేసిన ఫ్రాన్సిస్ రాబిన్సన్ 1946లో ‘ఎస్‌క్యూ3ఆర్’ అనే పేరుతో ఒక పద్ధతిని ప్రచారంలోకి తెచ్చారు. ముందు అధ్యాయాన్ని పైపైన పరిశీలించడం, శీర్షికలను ప్రశ్నలుగా మార్చుకోవడం, జవాబు కోసం చదవడం, చూడకుండా చెప్పుకోవడం, కొంతకాలం తర్వాత మళ్లీ చూసుకోవడం అందులోని ఐదు దశలు; వాటి ఇంగ్లీషు పేర్ల మొదటి అక్షరాలతోనే ఆ పేరు ఏర్పడింది. ఈ దశలను మంత్రంలా వరస తప్పకుండా పాటించాలని నేననను. కానీ మొదటి రెండింటికి మీరు కేటాయించే పది నిమిషాలు తర్వాతి రెండు గంటల తీరును మార్చేస్తాయి. శీర్షికలు, ఉపశీర్షికలు, బొమ్మల కింది వాక్యాలు, చివర ఉన్న సారాంశం, అభ్యాస ప్రశ్నలు ముందుగా చదవండి. అభ్యాస ప్రశ్నలను చాలామంది చివరికి వదిలేస్తారు, నిజానికి అధ్యాయంలో రచయిత దేనికి విలువ ఇచ్చారో అన్నిటికన్నా స్పష్టంగా చెప్పేవి అవే.

ముందుగా విషయం తెలిసి ఉండటం ఎంత తేడా తెస్తుందో 1972లో జాన్ బ్రాన్స్‌ఫర్డ్, మార్సియా జాన్సన్ చేసిన ప్రయోగం చూపింది. వస్తువులను విడివిడి కుప్పలుగా వేయడం, ఒకేసారి మరీ ఎక్కువ పని పెట్టుకోకపోవడం వంటి వాక్యాలున్న ఒక పేరాను కొందరికి ఏ శీర్షికా చెప్పకుండా వినిపించారు. ప్రతి పదమూ తెలిసినదే అయినా దేని గురించో వారికి అంతు పట్టలేదు, గుర్తున్నదీ చాలా తక్కువ. అది బట్టలు ఉతకడం గురించి అని ముందే చెప్పి వినిపించినవారికి మాత్రం చక్కగా అర్థమైంది, దాదాపు రెట్టింపు గుర్తుంది. పేరా విన్న తర్వాత శీర్షిక చెప్పినవారికి దానివల్ల ఏ మేలూ జరగలేదు. మీ పాఠ్యపుస్తకంలోని పేరాల విషయంలోనూ ఇదే జరుగుతుంది: ఈ పేరా ఏ ప్రశ్నకు జవాబు చెబుతోందో ముందు తెలిస్తేనే అందులోని వాక్యాలు ఒకదానితో ఒకటి అతుక్కుంటాయి. అందుకే ‘ధరలపై గరిష్ఠ పరిమితి’ అన్న శీర్షికను చూడగానే ‘పరిమితి పెడితే ఎవరికి లాభం, ఎవరికి నష్టం, ఏ పరిస్థితిలో?’ అని పక్కన పెన్సిలుతో రాసుకుని చదవడం మొదలుపెట్టండి. పుస్తకం మూశాక మీరు జవాబు రాయవలసిన ప్రశ్న కూడా అదే.

పరిశోధన వ్యాసాలను మాత్రం పాఠ్యపుస్తకంలా చదవకూడదు. వాటిని రాసింది విద్యార్థులకు పాఠం చెప్పడానికి కాదు, తోటి పరిశోధకులను ఒప్పించడానికి. కంప్యూటర్ సైన్సు ఆచార్యులు ఎస్. కేశవ్ 2007లో ప్రచురించిన ఒక చిన్న వ్యాసంలో దీనికి మూడు విడతల పద్ధతి చెప్పారు, అది ఏ శాస్త్రానికైనా పనికొస్తుంది. మొదటి విడతలో ఐదు పది నిమిషాల్లో శీర్షిక, సంగ్రహం, ఉపోద్ఘాతం, ఉపశీర్షికలు, ముగింపు మాత్రమే చూస్తారు. రెండో విడతలో గంట వరకు సమయం తీసుకుని, నిరూపణల వంటి లోతైన వివరాలను పక్కనపెట్టి, బొమ్మలూ పట్టికలూ జాగ్రత్తగా పరిశీలిస్తూ చదువుతారు. మూడో విడతలో ఆ పనిని తామే చేస్తున్నట్టు భావించుకుని ప్రతి అడుగునూ ప్రశ్నిస్తూ తిరిగి నిర్మించుకుంటారు. కొత్తవారికి దీనికి కొన్ని గంటలు పడుతుంది. అర్థశాస్త్ర వ్యాసాల్లో సాధారణంగా ఉపోద్ఘాతంలోనే రచయితలు తమ ప్రశ్న, వాడిన దత్తాంశం, కనుక్కున్న ఫలితం చెప్పేస్తారు. దాని తర్వాత ప్రధాన ఫలితం ఉన్న పట్టిక ఏదో వెతికి పట్టుకుని, అందులో ఒక్క అంకెనైనా తీసుకుని అది ఏం చెబుతోందో పూర్తి వాక్యంలో రాయగలిగితే, క్లాసులో చర్చకు కావలసినంత మీ దగ్గర ఉన్నట్టే. సమీకరణాలు అర్థం కాలేదని మూడో పేజీ దగ్గరే ఆగిపోయి వ్యాసాన్ని వదిలేసే విద్యార్థులు చాలామంది ఉంటారు. ముగింపు వారికి పూర్తిగా అర్థమయ్యేదే, కానీ అంతదాకా రారు.

‘ఇచ్చినవన్నీ చదవాల్సిందేనా?’ అన్న ప్రశ్నకు జవాబు ఇందులోనే ఉంది. అన్నిటినీ చూడాలి, అన్నిటినీ ఒకే లోతుతో చదవనక్కరలేదు. అధ్యాపకులు క్లాసులో ప్రధానంగా చెప్పబోయే అధ్యాయానికి పూర్తి శ్రమ పెట్టండి. వ్యాసాల్లో ఒకదాన్ని రెండో విడత వరకు, మిగిలినదాన్ని మొదటి విడత వరకు తీసుకెళ్లండి. మూడో విడత మీరు వ్యాసరచనకో, ప్రాజెక్టుకో ఎంచుకున్నవాటికే. ఇలా ఎంచుకోవడాన్ని బద్ధకం అనుకుని బాధపడే విద్యార్థులున్నారు. ఒక్క వాక్యం వదలకూడదన్న పట్టుదల శ్రద్ధలాగే కనిపిస్తుంది గానీ, ఏది ముఖ్యమో నిర్ణయించే బాధ్యతను అది పక్కకు నెట్టేస్తుంది, విశ్వవిద్యాలయంలో మీరు నేర్చుకోవలసిన వాటిలో ఆ నిర్ణయ శక్తి చాలా ముఖ్యమైనది.

వేగం నేర్పే కోర్సు గురించి నా అభిప్రాయం స్పష్టంగానే చెబుతాను: చేరవద్దు. చదివేటప్పుడు కన్ను వాక్యం వెంట జారిపోదు, చిన్న చిన్న గెంతులు వేస్తూ, ఒక్కొక్క చోట సుమారు పావు సెకను నిలుస్తుంది. నూరు గెంతుల్లో పది పదిహేను వెనక్కి వెళ్లేవే ఉంటాయి. ఈ వెనక్కి వెళ్లడాన్ని మాన్పిస్తామని, మనసులో పలుకుతూ చదవడాన్ని ఆపిస్తామని అటువంటి కోర్సులు చెబుతాయి. కానీ వెనక్కి వెళ్లడం చాలాసార్లు అర్థం కానిదాన్ని సరిచూసుకోవడం కోసమే. కంటి కదలికలపై దశాబ్దాల పాటు పనిచేసిన కీత్ రేనర్, ఆయన సహచరులు 2016లో ప్రచురించిన సమీక్షలో వేగానికీ అవగాహనకూ మధ్య బేరం తప్పదని, అవగాహన తగ్గకుండా వేగాన్ని రెండు మూడింతలు చేయడం సాధ్యమయ్యే పని కాదని తేల్చారు. పైపైన చూడటం తెలిసినవారికి అది కొన్ని చోట్ల చక్కగా పనికొస్తుందని కూడా వారు ఒప్పుకున్నారు. నేను పైన చెప్పిన మొదటి విడత అటువంటిదే. ఇంగ్లీషు బాగా వచ్చిన పెద్దవారు కల్పనేతర రచనలను చదివే సగటు వేగం నిమిషానికి 238 పదాలని మార్క్ బ్రిస్‌బర్ట్ 2019లో లెక్కగట్టారు. పేజీకి 400 పదాలున్న ముప్పై పేజీల అధ్యాయానికి ఈ లెక్కన కళ్లు తిప్పడానికే యాభై నిమిషాలు పడుతుంది. కొత్త భావనలున్న పాఠ్యపుస్తకానికి అంతకు రెండింతలు పట్టినా అది సహజమే, మీ లోపం కాదు.

మీ విషయంలో వేగాన్ని తగ్గిస్తున్నది కన్ను కాదు, పదజాలం. పాల్ నేషన్, మార్సెల్లా హు 2000లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం ఇంగ్లీషు రెండో భాషగా నేర్చుకున్నవారికి ఒక రచన ఎవరి సాయమూ లేకుండా అర్థం కావాలంటే అందులోని పదాల్లో సుమారు 98 శాతం తెలిసి ఉండాలి. 400 పదాల పేజీలో ఎనిమిదికి మించి తెలియని పదాలు ఎదురైతే చదువు కుంటుపడుతుందన్నమాట. ఇందులో మీకు కలిసొచ్చే సంగతి ఒకటుంది. ఒక శాస్త్రంలో పదాలు పదేపదే వస్తాయి, కాబట్టి మొదటి మూడు అధ్యాయాల్లో కష్టపడి నేర్చుకున్న పదాలే పన్నెండో అధ్యాయం దాకా మీతో ఉంటాయి. ప్రతి కొత్త పదం దగ్గరా ఆగి నిఘంటువు తెరవకండి. కింద చిన్న చుక్క పెట్టుకుని పేరా పూర్తిచేయండి. అదే పదం మూడోసారి కూడా అడ్డుపడితే అప్పుడు వెతికి, ఆ వాక్యంతో సహా చిన్న పుస్తకంలో రాసుకోండి. సాంకేతిక పదాలకు మాత్రం పుస్తకం చివర ఉండే పదకోశాన్నే చూడండి. మామూలు వాడుకలోని అర్థం వేరు, ఆ శాస్త్రంలోని అర్థం వేరు కావడం చాలా తరచుగా జరుగుతుంది.

దీనితో పాటే మరొకటి గట్టిగా చెబుతాను. పుస్తకం మూసి రాసేటప్పుడు తెలుగులో రాయండి. ఇంగ్లీషు వాక్యాన్ని ఇంగ్లీషులోనే తిరిగి రాయడం మొదలుపెడితే, అర్థం కాకపోయినా పుస్తకంలోని పదాలను కొద్దిగా అటూ ఇటూ మార్చి రాసేయవచ్చు, రాశామన్న తృప్తీ కలుగుతుంది. తెలుగులో చెప్పాలంటే అలా తప్పించుకోవడానికి వీలుండదు. డిమాండు, సప్లయి వంటి పదాలను అలాగే ఉంచుకుని, మిగతా వాదనంతా మీరు ఆలోచించే భాషలో నడపండి. విషయం తెలుగులో స్థిరపడ్డాక దాన్నే ఇంగ్లీషులో నాలుగు వాక్యాలుగా రాసి చూసుకోవడం పరీక్షలకూ, క్లాసులో మాట్లాడటానికీ కావలసిన రెండో సాధన. రెండింటినీ ఒకేసారి చేయబోతే రెండూ చెడతాయి.

గణితం ఉన్న పేజీలకు కొంచెం భిన్నమైన శ్రద్ధ కావాలి. మిషెలీన్ చీ, ఆమె సహచరులు 1989లో భౌతికశాస్త్ర విద్యార్థులు సాధించి చూపిన లెక్కలను ఎలా చదువుతారో పరిశీలించినప్పుడు, తర్వాత సొంతంగా లెక్కలు బాగా చేయగలిగినవారు చదివేటప్పుడే ప్రతి అడుగు దగ్గరా ‘ఇది ఎందుకు ఇలా వచ్చింది?’ అని తమకు తాము ఎక్కువగా వివరించుకున్నారని తేలింది. పుస్తకంలో ఒక సమీకరణం నుంచి మరొకదానికి వెళ్లే మధ్యలో రచయిత వదిలేసిన అడుగును మీ చేత్తో రాయండి. ఒక పేజీకి అరగంట పట్టినా ఫర్వాలేదు.

వారం తర్వాత సంగతి మిగిలింది. మరపు గురించి హెర్మన్ ఎబ్బింగ్‌హాస్ 1885లో తన మీద తానే ప్రయోగాలు చేసుకుని చూపినదేమిటంటే, నేర్చుకున్నది మొదటి కొన్ని గంటల్లో, మొదటి రోజులో చాలా వేగంగా జారిపోతుంది, ఆ తర్వాత నెమ్మదిగా తగ్గుతుంది. అందువల్ల ఒకే రాత్రి నాలుగు గంటలు కూర్చోవడం కన్నా, మర్నాడు పది నిమిషాలు, వారం తర్వాత మరో పది నిమిషాలు కేటాయించడం మేలు. ఆ పది నిమిషాల్లో కూడా పాత నోట్సు చదవకండి. శీర్షిక పక్కన మీరు రాసుకున్న ప్రశ్నలను మాత్రమే చూసి, జవాబు చెప్పుకుని, రానిదాన్నే తెరిచి చూడండి. ఇక తెర మీద చదవాలా, కాగితం మీద చదవాలా అన్న సందేహం మీకు వచ్చే ఉంటుంది. 2018లో పాబ్లో డెల్గాడో, మరికొందరు యాభై నాలుగు అధ్యయనాలను కలిపి చూసి, సమాచారం ఇచ్చే రచనల విషయంలో, ముఖ్యంగా సమయం పరిమితంగా ఉన్నప్పుడు, కాగితం మీద చదివినవారి అవగాహన కొంత మెరుగ్గా ఉందని తేల్చారు. తేడా పెద్దది కాదు. పూర్తి శ్రమ పెట్టే అధ్యాయాన్ని కాగితం మీద, మిగిలినవాటిని తెర మీద చదువుకోండి, అలా చదివేటప్పుడు ఫోన్‌ను చేతికి అందనంత దూరంలో ఉంచండి.

ఇవన్నీ ఈ వారమే మొదలుపెట్టవద్దు. ఇప్పటికి పేరుకుపోయిన అధ్యాయాల జాబితాను పక్కన పెట్టి, రాబోయే క్లాసుకు ఇచ్చిన వాటిలో ఒకే ఒక అధ్యాయాన్ని ఈ పద్ధతిలో చదవండి. మిగిలినవాటిని పాత పద్ధతిలోనే, కాకపోతే ఒక్కసారే చదవండి. పాత అధ్యాయాల్లో ఏవి నిజంగా అవసరమో, కొత్త పాఠం వాటి మీద ఆధారపడినప్పుడు మీకే తెలుస్తుంది. అప్పుడు ఆ భాగం వరకే వెనక్కి వెళితే సరిపోతుంది. క్లాసులో మాట్లాడలేకపోతున్నానన్నారు. జవాబుతోనే నోరు విప్పాలన్న నియమం ఎక్కడా లేదు. పుస్తకం మూసినప్పుడు కాగితం మీదికి రానివాటిలో, తిరిగి తెరిచి చదివినా తేలనిది ఏదో ఒకటి మిగిలి ఉంటుంది. దాన్ని ఒక వాక్యంలో ప్రశ్నగా రాసుకుని, క్లాసు మొదలయ్యేలోపే అధ్యాపకులకు చూపించండి. ఏ పేజీలో ఏ వాక్యం దగ్గర ఆగిపోయారో చెప్పగలిగిన విద్యార్థికి వివరించడం వారికీ సులువుగా ఉంటుంది.